ఈశాన్యం నుంచి పరిచిన నేల

2013వ సంవత్సరం అక్టోబరు ఏడవ తేదీ, సోమవారం నాడు శ్రీ నందిపాటి వీరభద్రం గారు గ్వెల్ఫ్ మేసన్స్ బాస్కెట్‌బాల్ క్లబ్బులో నేల పరిచే పనివారిగా చేరారు. పన్నెండు సీజన్ల పాటు ఆ క్లబ్బును అంటిపెట్టుకుని, అందులో పది సీజన్లు నేల బృందానికి పెద్దగా వ్యవహరించి, ఈ జూన్ ముప్పయ్యవ తేదీన అరవై అయిదేళ్ళ వయసులో పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వ్యాసంలో మొదటి మాట తర్వాత రెండో మాట మంగళకరంగా ఉండడం ఆచారం. ఆ ఆచారం తప్పవలసి వస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. తప్పు చక్రధర్ గారిది.

క్లబ్బు అధ్యక్షులు శ్రీ చక్రధర్ గారు మే నెలలో ఉద్యోగులందరికీ ఒక సందేశం పంపించారు. అదే సందేశం క్లబ్బు పత్రిక ఈ సంచిక మొదటి పేజీలో వారి ఫోటోతో సహా అచ్చవుతోంది. "ఫైనల్ రోజున నేల విషయంలో జరిగిన ఒక తొందరపాటు నిర్ణయం మన నగరానికి కప్పును దూరం చేసింది, ఆ పర్యవసానంగా జట్టు బర్నబీకి తరలిపోక తప్పలేదు" అని అందులో వారు సెలవిచ్చారు. పేరు మాత్రం రాయలేదు. ఊరందరికీ తెలిసిన పేరును రాయకుండా వదిలేస్తే అది మర్యాద అనిపించుకోదు. వేలెత్తి చూపించి, ఆ చేతిని జేబులో పెట్టుకున్నట్టు ఉంటుంది. అందుచేత వారు మింగేసిన పేరును ఇక్కడ పూర్తిగా, గౌరవంగా రాసి, ఆ రోజు ఏం జరిగిందో జరిగినట్టు చెప్పడమే ఈ అభినందన ఉద్దేశం.

ఇది తెలుగులో ఉండడానికి కారణం వీరభద్రం గారి సతీమణి శ్రీమతి బాలత్రిపురసుందరి గారు. "ఇంగ్లీషు పేజీలన్నీ మా ధరణి చదివి చెప్తుంది. అమ్మాయి కదా, నేను బాధపడతానని కొన్ని ముక్కలు మింగేసి చెప్తుంది. నా అంతట నేను చదువుకునే పేజీ ఒక్కటన్నా ఉండాలి" అని ఆమె అడిగారు. కనుక ఇందులో ఏ ముక్కా మింగడం లేదు.

వీరభద్రం గారు స్వతహాగా తాపీ మేస్త్రీ. తణుకు చుట్టుపక్కల చిన్నతనంలో ఇటుకలు మోసి, ఆ పైన తాపీ పట్టి, మూడు పదులు దాటేసరికి సొంత ముఠా కట్టి, ముగ్గు పోసిన చోటల్లా గోడ లేపిన మనిషి. బంధువుల ప్రోద్బలంతో కెనడా చేరిన తర్వాత గ్వెల్ఫ్‌లో ఇళ్ళకు టైల్స్ వేసే పనికి కుదిరారు. చలి మొదలైందంటే ఆ పని మందగించేది. అలాంటి రోజుల్లో ఒకనాడు బస్సు పక్కన అంటించిన ప్రకటన వారి కంట పడింది. పెద్ద అక్షరాలతో 'జాయిన్ ద మేసన్స్', కింద 'నౌ హైరింగ్', పక్కన మెరుస్తున్న తాపీ బొమ్మ. దేశం కాని దేశంలో తన వృత్తిని ఇంత గౌరవంగా బస్సు మీద వేసుకుని తిరుగుతున్నారే అని వారు పరమానందభరితులై, మర్నాడు సంచిలో తాపీ, రసమట్టం పెట్టుకుని, ప్రకటనలో ఉన్న చిరునామాకు వెళ్ళారు.

అది ఐస్ హాకీ అరీనా. అప్పట్లో నేల బృందానికి పెద్దగా ఉన్న గోర్డన్ అనే వృద్ధుడు బయటికి వచ్చి, ఎవరు కావాలని అడిగాడు.

"మేసన్స్" అన్నారు వీరభద్రం గారు.

"మేమే."

"నేనూ మేసన్నే" అని సంచి విప్పి తాపీ చూపించారు. "గోడ ఎక్కడ?"

గోర్డన్ గోడకు చేరగిలబడి నవ్వాడట. మేసన్స్ అంటే జట్టు పేరని, రాతి కట్టడాలకు పేరుపొందిన ఊరు కాబట్టి ఆ పేరు పెట్టారని, హైరింగ్ అన్నది టికెట్ కౌంటర్ ఉద్యోగాలకని, నవ్వు ఆపుకుంటూ వివరించాడు. వీరభద్రం గారు మాత్రం నవ్వలేదు. చలిలో రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. "గోడ లేకపోతే పోనీ, నేల ఉంది కదా" అన్నారు. ఆ మాటకు గోర్డన్ నవ్వు ఆగింది. ఆ సాయంత్రమే పనిలో పెట్టుకున్నాడు. ఈ ముచ్చట క్లబ్బులో పన్నెండేళ్ళుగా చెప్పుకుంటున్నదే అయినా, బాలత్రిపురసుందరి గారికి వారు చెప్పిన కథ వేరని ఈ మధ్యనే తెలిసింది. ఆమెకు తెలిసినంతవరకు వారిని ఇంటర్వ్యూకి పిలిచారు.

జట్టు పేరును తెలుగు చేసుకుని నేల బృందంలోని మనవాళ్ళు దానికి 'తాపీ జట్టు' అని నామకరణం చేశారు. పేరుకు తగ్గట్టే ఆట కూడా తాపీగానే ఉండేది. వీరభద్రం గారు చేరాక తొలి రెండు సీజన్లూ లీగ్‌లో అట్టడుగు స్థానం. అద్దె హాలు, అరువు యూనిఫారాలు, సగం ఖాళీ కుర్చీలు. పొరుగూరి జట్లు గ్వెల్ఫ్ మ్యాచ్ అంటే విశ్రాంతి దినం కింద లెక్క వేసుకునేవి.

2015లో గోర్డన్ విరమించగా వీరభద్రం గారు నేల బృందానికి పెద్ద అయ్యారు. ఈ పని సంగతి తెలియని కుటుంబ సభ్యుల కోసం ఒక మాట. బాస్కెట్‌బాల్ నేల అక్కడ శాశ్వతంగా ఉండేది కాదు. అడుగున హాకీ మంచు ఉంటుంది. దాని మీద చలి పైకి రాకుండా దళసరి అట్టలు పరుస్తారు. ఆ పైన మేపుల్ చెక్క పలకలను ఒకదానికొకటి కొక్కేలతో బిగిస్తూ పోతే ఆట నేల తయారవుతుంది. ఆట అయ్యాక అంతా విప్పేస్తారు. నడిగీత దగ్గర మొదలుపెట్టి రెండు పక్కలకూ పరుచుకుంటూ వెళ్ళాలన్నది ఆ నేల తయారు చేసిన కంపెనీ పద్ధతి. చెక్క అన్నాక కొంచెం బిగుస్తుంది, కొంచెం వదులవుతుంది. ఆ వదులు రెండు పక్కలకూ సమానంగా పంచుకుపోవాలని.

పెద్దరికం వచ్చిన మొదటి రోజే వీరభద్రం గారు ఆ పద్ధతిని తోసిపుచ్చారు. సెల్‌ఫోన్‌లో దిక్సూచి చూసి, బూట్లు విప్పి, మేజోళ్ళతో ఈశాన్య మూలకు నడిచి, తొలి పలకను అక్కడ వేయించి, చేత్తో తాకి కళ్ళకు అద్దుకున్నారు.

బృందంలో కాశీవిశ్వనాథం అని ఒకరున్నారు. కరీంనగర్ మనిషి, నోరు ఊరుకోదు. "మేస్త్రీ గారూ, పద్ధతి ప్రకారం నడిమిట్ల నుంచి కదా మొదలుపెట్టాల్సింది" అన్నారు.

"నడిమధ్య బ్రహ్మస్థానం. దాన్ని తొక్కి పని మొదలుపెడతారా ఎవరైనా? అట్లా కడితే ఇల్లు నిలబడుతుందా?"

"ఇల్లు కాదు కదా సార్. రేపు మనమే విప్పి పడేస్తాం."

"విప్పేదాకా అయినా నిలబడాలి కదయ్యా."

ఆనాటి నుంచి గ్వెల్ఫ్ నేల ఈశాన్యంలో మొదలై నైరుతిలో ముగిసేది. అయితే అలా ఒక మూల నుంచి పరుచుకుంటూ పోవడం వల్ల, పలకల మధ్య ఉండే వదులంతా పోగుపడి చివరి మూలకు చేరేది. నైరుతిలో ఆఖరి పలకలు పూర్తిగా బిగిసేవి కావు. మేస్త్రీ చెయ్యి ఊరుకోదు కదా, వీరభద్రం గారు సన్నని చెక్క బద్దలు దిగ్గొట్టి ఆ సందు కనపడకుండా సరిచేసేవారు. పైకి చూస్తే అద్దంలా ఉండేది. రసమట్టం పెట్టినా వేలెత్తి చూపడానికి ఉండేది కాదు. అడుగున మాత్రం రెండు మూడు పలకల మేర బోలు.

నైరుతి బరువుగా ఉండాలని ప్రతి మేస్త్రీకీ తెలుసు. ఆ బరువు కోసమే అంత భక్తిగా ఈశాన్యంలో మొదలుపెట్టిన మనిషి చేతి మీదుగానే నైరుతి బోలుపోయింది. ఆ సంగతి వారికి పదేళ్ళ దాకా తెలియలేదు. ఎందుకంటే ఆ పదేళ్ళలో వారు ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు. బంతి ఆటగాళ్ళది, నేల తనది అని వారి నియమం.

ఇక జట్టు చరిత్ర. ఆ సీజన్ నుంచే తాపీ జట్టు దశ తిరిగింది. బయటి ఊళ్ళలో ఓడినా సొంత నేల మీద ఓడడం మానేసింది. విచిత్రం ఏమిటంటే మొదటి సగంలో ఎప్పటిలాగే వెనకబడి ఉండేది. సగం ఆట అయ్యాక జట్లు బుట్టలు మార్చుకుంటాయి కదా, ఎదుటివాళ్ళు పడమటి బుట్ట వైపు దాడికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగేది. హాలిఫాక్స్ నుంచి వచ్చిన డెస్మండ్ ప్రైస్ అనే ఆటగాడు, మన జట్టులో బంతి నడిపించే మొనగాడు, ఎదుటివాణ్ణి అదిలిస్తూ, దారి మూస్తూ, ఆ నైరుతి మూలకు తోలేవాడు. అక్కడ తాటిచెట్టంత మిలాన్ చేతులు చాచి కాచుకుని ఉండేవాడు. మూలలో చిక్కినవాడు బంతి కొడితే అది నడుం దాకా లేవాల్సింది మోకాలి దగ్గరే ఆగిపోయేది. చెయ్యి గాలిలో ఆడేది, బంతి డెస్మండ్ చేతిలో ఉండేది. 2017లో ప్లేఆఫ్స్, 2019లో కప్పు. స్కార్‌బరో నుంచి వచ్చిన టోబీ దూరం నుంచి వేసిన బుట్టలతో ఆ కప్పు వచ్చిందని పత్రికలు రాశాయి. నేల గురించి పత్రికలు ఎప్పుడు రాశాయి కనుక.

ఎదుటి జట్లు ఫిర్యాదు చేయకపోలేదు. ఒకసారి లీగ్ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చి, నడిమధ్య నిలబడి నాలుగుసార్లు బంతి కొట్టి, అంతా బ్రహ్మాండంగా ఉందని సంతకం పెట్టి వెళ్ళాడు.

ఆటగాళ్ళకు వీరభద్రం గారంటే ప్రాణం. అంకుల్ అనే పిలిచేవారు. సొంతగడ్డ మీద ప్రతి ఆటకు ముందు కోచ్ వచ్చి భుజం తట్టి కన్ను గీటేవాడు. కప్పు గెలిచిన రోజున డెస్మండ్ వారిని భుజాల మీద ఎత్తుకుని నేలంతా తిప్పాడు. వీరభద్రం గారు ఇంటికి వెళ్ళి, "శ్రద్ధగా చేస్తే ఏ దేశంలోనైనా గుర్తిస్తారే" అని బాలత్రిపురసుందరి గారితో అన్నారట. ఆ తర్వాతి ఆటకు ఆమె మొత్తం నేల బృందానికి పులిహోర చేసి పంపించారు. మిలాన్ రెండు డబ్బాలు ఒక్కడే తిన్నాడు.

కరోనా వచ్చి ఆట ఆగింది. అద్దెలు ఆగలేదు. పాత యజమానులు చేతులెత్తేయగా 2021లో మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్న చక్రధర్ గారు జట్టును కొన్నారు. మనవాడు కొన్నాడని గ్వెల్ఫ్ తెలుగువాళ్ళంతా చంకలు గుద్దుకున్నారు. వారు మొదటి రోజున నేల బృందం దగ్గరికి వచ్చి, వీరభద్రం గారి కాళ్ళకు నమస్కరించబోయారు కూడా. ఆ వినయాన్ని ఇక్కడ కాదనడం లేదు. వినయం వేరు, వ్యాపారం వేరు. మరుసటి ఏడాది జీతం దగ్గర తేడా వచ్చి డెస్మండ్ కింగ్‌స్టన్ జట్టుకు వెళ్ళిపోయాడు. మిలాన్ మోకాలు పాడై ఇంటిదారి పట్టాడు. రెండు సీజన్లు జట్టు ఈడుస్తూ గడిపింది. కుర్చీలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. దేశానికి పడమటి చివరనున్న బర్నబీలో కొత్త హాలు కట్టినవాళ్ళు జట్టు కోసం వెతుకుతున్నారన్న మాట అప్పుడే మొదలైంది.

అటువంటి స్థితిలో గడిచిన సీజన్ ఒక అద్భుతం. కొత్త కుర్రాళ్ళతో, సొంత నేల మీద వరస విజయాలతో, తాపీ జట్టు ఫైనల్ చేరింది. ఫైనల్ గ్వెల్ఫ్‌లోనే. ఎదుటి జట్టు కింగ్‌స్టన్. చక్రధర్ గారు ఉద్యోగులందరినీ సమావేశపరిచి, కప్పు గెలిస్తే ఒక పెద్ద స్పాన్సర్ సంతకం పెడతాడని, జట్టు గ్వెల్ఫ్‌లోనే ఉంటుందని, ఓడితే ఈ ఊళ్ళో ఇదే ఆఖరి ఆట అని స్పష్టంగా చెప్పారు. టికెట్ కౌంటర్ దగ్గర నుంచి నేల బృందం దాకా అందరి నూకలూ ఆ ఒక్క ఆటలో ఉన్నాయి.

ఫైనల్ రోజు ఉదయం కింగ్‌స్టన్ ఆటగాళ్ళు అలవాటు కోసం నేల మీదికి వచ్చారు. డెస్మండ్ అందరికంటే ముందు వచ్చి వీరభద్రం గారిని కావలించుకున్నాడు.

"ఎట్లా ఉన్నావు అంకుల్? ఈసారి నీ మూలలో నేను పడను. మా వాళ్ళందరికీ చెప్పేశాను, ఆ మూల జోలికి వెళ్ళొద్దని."

"ఏ మూల?"

డెస్మండ్ నవ్వాడు. "నా దగ్గర కూడానా? నీ అంత తెలివైనవాణ్ణి నేను చూడలేదు అంకుల్. ఇక్కడి మా పాత కోచ్ నిన్ను నక్క అనేవాడు. ప్రేమగానేలే. ఇన్నేళ్ళు ఎవరికీ దొరక్కుండా ప్రతిసారీ అదే చోట ఎట్లా వేశావు?"

వీరభద్రం గారు పన్నెండేళ్ళలో మొదటిసారి బంతి అడిగి తీసుకున్నారు. బూట్లు విప్పి ఈశాన్య మూలకు వెళ్ళి, రెండు చేతులతో పసిపిల్లాడిలా బంతిని నేలకు కొట్టారు. అది నడుం దాకా లేచింది. అక్కడి నుంచి నైరుతికి నడిచి మళ్ళీ కొట్టారు. మోకాలు కూడా దాటలేదు. ఇంకోసారి కొట్టారు. బంతి దొర్లుకుంటూ వెళ్ళిపోతే తేవడానికి కూడా కదల్లేదు.

దూరం నుంచి చూస్తున్న డెస్మండ్‌కు అప్పుడు అర్థమైంది. "నీకు తెలియదా" అన్నాడు మెల్లగా. కోచ్ కన్ను గీటింది ఎందుకో, భుజాల మీద ఊరేగింపు దేనికో, వీరభద్రం గారికి ఒక్కసారిగా తెలిసివచ్చింది. శ్రద్ధకు దక్కిన గౌరవం అనుకుని పదేళ్ళు దాచుకున్నదంతా మోసకారితనానికి పడిన మార్కులు.

వారు తిన్నగా మేడ మీద చక్రధర్ గారి గదికి వెళ్ళారు. కాశీవిశ్వనాథం గారు వెంట ఉన్నారు కనుక అక్కడి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయగలుగుతున్నాం.

"బాబూ, నైరుతి మూల బోలుగా ఉంది. నా పొరపాటే. నేల మొత్తం విప్పి మధ్య నుంచి మళ్ళీ పరుస్తాం. సాయంత్రం ఆటకు అందుతుంది."

చక్రధర్ గారు ల్యాప్‌టాప్ మూశారు. "కూర్చోండి అంకుల్. ఆ కార్నర్ సంగతి నాకు తెలుసు. కోచ్ చెప్పాడు, కొన్న కొత్తల్లోనే. దాన్ని హోమ్ అడ్వాంటేజ్ అంటారు. ఒకళ్ళకి క్రౌడ్ ఉంటుంది, ఒకళ్ళకి ఎత్తు ప్రదేశం ఉంటుంది. మనకి మీరున్నారు."

"తెలిసి చెప్పలేదా నాకు?"

"మీరు కావాలనే చేస్తున్నారనుకున్నా. నిజంగా. చాలా స్మార్ట్ అనుకున్నా."

"వాస్తు అనుకుని వేశాను బాబూ. ఇప్పుడు తెలిసింది. తెలిసి వేస్తే దాన్ని వాస్తు అనరు, వల అంటారు."

"ఈ ఒక్క మ్యాచ్ వదిలెయ్యండి అంకుల్. రేపు మీ ఇష్టం వచ్చినట్టు వెయ్యండి. ఓడితే బర్నబీ అగ్రిమెంట్ రెడీగా ఉంది, నేను సైన్ చెయ్యడమే తరువాయి. మీకు అది కావాలా?"

"వద్దు" అన్నారు వీరభద్రం గారు.

"మరి?"

"ఇది కూడా వద్దు."

చక్రధర్ గారు కిటికీలోంచి నేల వైపు చూసి, "నేను పర్మిషన్ ఇవ్వలేదని గుర్తుంచుకోండి" అని మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచారు. ఆపమని కూడా అనలేదు. ఆపమంటే ఎందుకో చెప్పాలి కదా. ఒప్పందం ముందే తయారుగా ఉందన్న ముక్క వారి నోటివెంటే వచ్చింది. ఆ ముక్క మే నెల సందేశంలో లేదు.

కింద నేల బృందం గుమిగూడింది. విషయం అందరూ విన్నాక ముందు కాశీవిశ్వనాథం గారే అందుకున్నారు.

"మేస్త్రీ గారూ, ఒక మాట అంటా, తిట్టకండి. డెస్మండ్ వాళ్ళందరికీ చెప్పేసిండట కదా. ఆ మూలకి ఎవరూ రారు. అంటే బోలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. విప్పుడెందుకు మరి? ఇంట్లో పిల్లలున్నరు అందరికీ."

"మూలకి రావద్దని చెప్పుకోవాల్సి వచ్చింది చూడు, అది చాలు. వాళ్ళకి నేల కొంత తక్కువ, మనకి కొంత ఎక్కువ. కొలత తేడా పెట్టి ఇల్లు అప్పజెప్పిన మేస్త్రీని ఏమంటారు మీ ఊళ్ళో?"

"మా ఊళ్ళో కాంట్రాక్టర్ అంటరు" అన్నారు కాశీవిశ్వనాథం గారు.

ఆ రోజు అందరూ నవ్వింది అప్పుడొక్కసారే. వీరభద్రం గారు కూడా నవ్వారు. తర్వాత వంగి, ఆ మూల పలక కింది బద్దలను ఒక్కొక్కటే ఊడదీశారు. ఎవరినీ రమ్మని పిలవలేదు. ఒక్కరే చేస్తే ఆ నేలకు వారం పట్టేది. చూస్తూ నిలబడడం చేతకాక, మనసులో తిట్టుకుంటూనే, ఒకరి వెనక ఒకరు అందరూ వంగారు. నడిగీత దగ్గర తొలి పలక పడినప్పుడు వారు దాన్ని కళ్ళకు అద్దుకోలేదు. పదేళ్ళుగా అద్దుకున్న చెయ్యి అలవాటున సగం లేచి, మళ్ళీ కిందికి దిగింది.

ఆ సాయంత్రం అరీనా నిండిపోయింది. బాలత్రిపురసుందరి గారు, కూతురు ధరణి మూడో వరసలో ఉన్నారు. తాపీ జట్టు ఆశ్చర్యంగా మొదటి సగంలోనే ముందంజ వేసింది. రెండో సగంలో కింగ్‌స్టన్ ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చింది. ఆఖరి ఘడియల్లో మనది ఒక్క పాయింటు ఆధిక్యం, బంతి డెస్మండ్ చేతిలో. మన కుర్రాళ్ళిద్దరు అతన్ని అటు కమ్మి, ఇటు కమ్మి, ఒకప్పుడు అతనే నేర్పిన పద్ధతిలో, నైరుతి మూలకు తోలారు. అతను చేరకూడదనుకున్న చోటే చిక్కుకున్నాడు. పక్క గీత అవతల నిలబడ్డ వీరభద్రం గారికి పది అడుగుల దూరం. డెస్మండ్ బంతి కొట్టాడు. అది నడుం దాకా లేచి, బుద్ధిమంతురాలిలా వచ్చి అతని అరచేతిలో వాలింది. ఒక క్షణం అతనే నమ్మలేనట్టు చూసి, గిర్రున తిరిగి, అంచు గీత వెంట దూసుకుపోయి బుట్టలో వేశాడు. గంట మోగింది. గ్వెల్ఫ్ ఒక్క పాయింటుతో ఓడింది.

కింగ్‌స్టన్ వాళ్ళు ఎగురుతుంటే డెస్మండ్ ఆ గుంపులోంచి తప్పించుకుని వచ్చాడు.

"ఎందుకు సరిచేశావు అంకుల్?"

"నువ్వు చెప్పావు కదా."

"నేను జోక్‌గా చెప్పాను."

"తెలుసు. ఆట బాగా ఆడావు, వెళ్ళు, నీ వాళ్ళు పిలుస్తున్నారు."

కారులో ధరణి, "డాడ్, ఇట్స్ నాట్ యువర్ ఫాల్ట్" అని పదే పదే అంటూ ఉందట. ఇల్లు దగ్గర పడుతుండగా బాలత్రిపురసుందరి గారు, "పెళ్ళైన దగ్గర్నుంచి చూస్తున్నా, మీరు వేసింది మీరే విప్పడం ఎప్పుడూ లేదు" అన్నారు. "అవును" అన్నారు వారు. "చెయ్యి నొప్పెడుతోందా?" అంటే, "చెయ్యి కాదు" అన్నారు. ఈ మాటలు ఆమె అనుమతితోనే రాస్తున్నాం.

తర్వాతివన్నీ అందరూ ఎరిగినవే. ఒప్పందం మీద సంతకం అయింది. ఆటగాళ్ళలో కొందరికి బర్నబీ టికెట్లు వచ్చాయి, మిగతావారికి ఈమెయిల్ వచ్చింది. నేల బృందంలో ఎవరికీ టికెట్ రాలేదు. మే నెల చివరివారంలో పలకలను లారీలకు ఎక్కించే పని మాత్రం నేల బృందమే చేసింది. వీరభద్రం గారు ప్రతి పలకనూ తుడిచి, దుప్పటి చుట్టి, పిల్లను అత్తవారింటికి పంపేవాడిలా ఎక్కించారు. అవతల పరిచేవాళ్ళకు ఏమైనా చెప్పాలా అని లారీ డ్రైవర్ అడిగితే, "మధ్యలో మొదలుపెట్టమని చెప్పు బాబూ, అంతే" అన్నారు.

దేవాలయం కూలినా పూజారిని తప్పుపట్టే లోకం ఇది. ఆ ఉదయం వారు కళ్ళు మూసుకుని ఉంటే జట్టు ఇక్కడే ఉండేదేమో. ఉండేది కాదేమో. ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు ఈ రోజుకీ వారితో సరిగ్గా మాట్లాడడం లేదని తెలుసు. ఇంటి వాయిదాలు కట్టవలసినవారి కోపాన్ని ఇక్కడ తప్పుపట్టడం లేదు. వీరభద్రం గారు కూడా తప్పుపట్టడం లేదు. అరీనా కారిడార్‌లో వాళ్ళు ఎదురైతే తానే పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు. అదే చూడలేకపోతున్నాం. దారి తప్పుకోవలసిన మనిషి మార్కమ్‌లో ఉన్నారు.

శ్రీ వీరభద్రం గారికి ఆ ఏడుకొండలవాడు మోకాళ్ళలో సత్తువను, కళ్ళకు చూపును, ఉదయాన్నే లేచి ఎక్కడికీ వెళ్ళనక్కరలేని రోజులను భరించే ఓర్పును ప్రసాదించాలని, శ్రీమతి బాలత్రిపురసుందరి గారి సాహచర్యంలో, ధరణి ముద్దుముచ్చట్లు చూసుకుంటూ నిండు నూరేళ్ళు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని నేల బృందం మనసారా కోరుకుంటోంది. నగరం కప్పును పోగొట్టుకుందని, అభిమానులు జట్టును పోగొట్టుకున్నారని చక్రధర్ గారు రాశారు. వీరభద్రం గారు ఏం పోగొట్టుకున్నారో వారు రాయలేదు. రికార్డు కోసం రాస్తున్నాం: పొడవు ఇరవై ఎనిమిది మీటర్లు, వెడల్పు పదిహేను మీటర్లు, మన లెక్కలో అయిదు వందల రెండు గజాల నేల.